ఇరవై ఏడో నంబరు బిళ్ళ

"ఒక్కో బ్యాడ్జీ ఖరీదు ఒక టీ ఖరీదు దాటకూడదు" అన్నాడు మేనేజరు, తన టీ తాను తాగుతూ. "దాటితే ఆ పైది మీ జీతంలోంచి."

నేను ఆ నాటకశాలలో స్టోరు గుమాస్తాని. మేకుల దగ్గర్నుంచి కిరీటాల దాకా కొనేదీ దాచేదీ నేనే. బ్యాడ్జీలు కొనవలసిన అవసరం అంతకు పది రోజుల ముందు వచ్చింది. నాటకం ఆడుతుండగా మేకప్ గదిలో మూడు ఫోన్లు పోయాయి. దొంగ బాత్రూము కిటికీ అద్దం పగలగొట్టుకుని దిగాడు. ఆ గాజుపెంకులు స్వీపరమ్మ ఊడుస్తుంటే అందరం చూశాం. కానీ కిటికీ సంగతి చెబితే, దానికి ఊచలు ఎందుకు పెట్టించలేదని యజమాని మేనేజర్నే అడుగుతాడు. అందుకని దొంగ స్టేజి వెనక తలుపులోంచి వచ్చాడని తేలింది.

ఆ తలుపు దగ్గర పాతికేళ్ళుగా కూర్చునేది మా బావ. మా ఆవిడకి అన్న.

"మెడలో బ్యాడ్జీ లేనివాడు ఇక లోపలికి రాకూడదు. ప్రతి బ్యాడ్జీ మీ బావ చూసి పంపాలి. చూడలేనంటే ఇప్పుడే చెప్పండి, ఏజెన్సీ వాళ్ళు మనిషిని పంపుతామంటున్నారు."

"చూడలేకపోవడమేంటి సార్."

"ఏమో. ఊరికే అన్నాను."

ఆయన ఏదీ ఊరికే అనడు.

బావకి చూపు పోయి రెండేళ్ళయింది. వెలుగుకీ చీకటికీ తేడా తెలుస్తుంది. మరీ దగ్గరగా ఎదురుగా మనిషి నిలబడితే నల్లటి స్తంభంలా కనిపిస్తాడట, అంతే. ఆ సంగతి తెలిసింది ఇద్దరికి. ఒకరు మా ఆవిడ. ఆసుపత్రి మంచం మీద ఆఖరి వారంలో నా చెయ్యి పట్టుకుని, "అన్నయ్యకి ఆ తలుపు పోతే ఇంకేం లేదు. కనిపెట్టుకుని ఉండండి" అంది. ఉంటానన్నాను. ఇప్పుడు ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

తలుపు అంటే తలుపొక్కటే కాదు. దాని వెనక మెట్ల కింద ఒక గది ఉంది. బావ పెళ్ళి చేసుకోలేదు. మంచం, రేకు పెట్టె, రేడియో, పందుంపుల్లతో సహా ఆయన కాపురమంతా ఆ గదిలోనే. తలుపు పోతే గది పోతుంది.

ఇన్నాళ్ళూ చెవులతో నెట్టుకొచ్చాడు. లైట్లతను ఎడమకాలు ఈడుస్తాడు. వడ్రంగి నడిస్తే మొలలో తాళాలు మోగుతాయి. రాజు వేషాలు వేసేవాడు, వాణ్ణి అందరూ మహారాజు అనే పిలుస్తారు, మడమలతో నేలని కొడుతూ వస్తాడు. ఎవరు వస్తున్నా పది అడుగుల ముందే పలకరించేవాడు బావ. చెవుల తాత అని పేరు పెట్టారు. పెట్టినవాళ్ళకి ఆ పేరు ఎంత నిజమో తెలీదు.

మధ్యాహ్నం వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాను.

"బ్యాడ్జీలట బావా."

"విన్నాను. మేనేజరు గది కిటికీ తెరిచే ఉంటుంది."

"ఒక్కోటీ చూడాలట."

"చూస్తాను. మా చెల్లికి నిన్ను చూసి ఎంచింది నేనే కదా. రెండు కళ్ళూ బాగున్న రోజుల్లోనే అంత తప్పు చేశాను, ఇప్పుడు కొత్తగా పోయేదేముంది."

నవ్వాను. ఆయన నవ్వలేదు. నా వైపు వంగి, "వేలికి తగిలేది ఏదైనా ఉంటే చూడు బావా" అన్నాడు, చాలా నెమ్మదిగా.

మర్నాడు బ్యాడ్జీలమ్మేవాడు వచ్చాడు. నడివయసు మనిషి, చంకలో చొక్కా తడిసి ఉంది, భుజాన పెద్ద సంచీ. నా బల్ల మీద ఒక్కొక్కటీ పరిచాడు. ప్లాస్టిక్కు కవరులో కాగితం ముక్క. గట్టి ప్లాస్టిక్కు కార్డు, రంగు బొమ్మతో. చేతికి కట్టుకునే గుడ్డ పట్టీ. నేను ఒక్కోదాన్నీ తీసుకుని, కళ్ళు మూసుకుని, బొటనవేలితో రాసి చూశాను. అన్నీ ఒకటే నునుపు.

"నిద్రొస్తోందా సార్?"

"అక్షరాలు చేతికి తగిలేవి లేవా?"

"కంటికి కనపడితే చాలు కదా సార్, చేతికెందుకు?"

నేను మళ్ళీ ఇంకోదాన్ని రాసి చూశాను. అతను నా బొటనవేలి వైపు కాసేపు చూశాడు. తర్వాత సంచీ అడుగున చెయ్యి పెట్టి ఒక గుడ్డమూట తీశాడు. విప్పితే గలగలమంటూ అల్యూమినియం బిళ్ళలు. గుండ్రంగా, అరచేతిలో సగం ఉంటాయి, పైన ఒక చిల్లు, ఒకవైపు ఉబ్బెత్తుగా అచ్చుపోసిన అంకె. మూతపడిన ఈతకొలనులో బట్టల అరలకి వాడినవట. ఒకటి నుంచి అరవై దాకా. ఇంకా ఆ నీళ్ళలో కలిపే మందు వాసన వేస్తున్నాయి.

"తూకానికి అమ్మేద్దామనుకున్నాను. మీరు టీ ఖరీదుకి నాలుగు తీసుకోండి" అన్నాడు. అన్నాక కూర్చుని, తన తువ్వాలుతో అరవై బిళ్ళలూ ఒక్కొక్కటే తుడిచి ఇచ్చాడు. వెళ్తూ వెళ్తూ, "మా అమ్మ కూడా చిల్లర ఇలాగే చూసుకుంటుంది సార్" అన్నాడు. ఇంకేమీ అడగలేదు. ఆ మనిషిని మళ్ళీ ఎప్పుడూ చూడలేదు కానీ, తలుచుకుంటూ ఉంటాను.

ధర విని మేనేజరు సంతోషపడ్డాడు. బిళ్ళ చూసి మొహం చిట్లించాడు.

"కుక్క మెడలో కట్టేదానిలా ఉంది. వెనకవైపు ఫోటో అంటించండి."

"ఫోటోగ్రాఫర్ని పిలవమంటారా?"

"వాడికి దండగ ఎందుకు? ఇప్పుడాడుతున్న నాటకం ఫోటోలు బీరువా నిండా ఉన్నాయిగా. కత్తిరించండి."

కత్తిరించాను. మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది, పైగా ఎవరికీ తట్టలేదు. వేషం వేసిన మొహమే మాకు మొహం. మా నాటకంలో సైన్యం కావాలంటే వడ్రంగి కూడా ఈటె పట్టుకోవాలి, జనం తక్కువైతే దర్జీ అక్క గడ్డం కట్టుకుని మునుల వరసలో కూర్చోవాలి. కాబట్టి నలభై ఒక్కమందికీ ఫోటోలు దొరికాయి. నలభై ఒకటీ అతికించి, దర్జీ అక్క కుట్టిచ్చిన నాడాలు గుచ్చి, ఎవరి నంబరు ఏదో గోడకి జాబితా కొట్టాక, మొదటిరోజు అందరూ మెడలో వేసుకుని నిలబడినప్పుడు చూసుకున్నాం. దోమని కూడా చంపలేని మనిషి మెడలో కోరలున్న రాక్షసుడు. లైట్లతను మీసాల సేనాపతి. దర్జీ అక్కకి బొడ్డు దాకా తెల్లగడ్డం.

"నా మొగుడు చూస్తే, ఇన్నాళ్ళూ ఈ ముసలాడితోనా నేను కాపురం చేసింది అంటాడు" అంది దర్జీ అక్క. అందరూ పడీ పడీ నవ్వారు.

మేనేజరు నవ్వలేదు, కానీ మళ్ళీ చేయించాలంటే డబ్బు. "సర్లే, మొహాలు తాతకి తెలుసుగా. నంబరు చూసి పంపుతాడు" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఫోటో చూడవలసిన పని తప్పిపోయింది. తలుపు చాటున నిలబడి ఉన్న బావ భుజాలు ఒక అంగుళం కిందికి దిగడం నేను చూశాను.

ఆ సాయంత్రం జాబితా నేను చదివాను, బావ అప్పజెప్పాడు. రెండోసారి చదవవలసిన పని లేకపోయింది.

ఎనిమిది రోజులు ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు. వచ్చినవాళ్ళు మెడ వంచి బిళ్ళ అందిస్తే, దాని మీద బొటనవేలు ఒకసారి ఆడించి, "ముప్ఫై రెండు, పద నాయనా" అనేవాడు. అడుగుల చప్పుడు ఒక తాళం, అంకె ఇంకో తాళం. నిజం చెప్పాలంటే ఆ తలుపు అంత భద్రంగా ఎప్పుడూ లేదు. బావకి కొంచెం గర్వం కూడా వచ్చింది. పాతికేళ్ళలో ఆయన చేతికి ఒక రూలు రావడం అదే మొదలు. బిళ్ళ మర్చిపోయి వచ్చిన రాక్షసుడి వేషగాణ్ణి ఇంటికి పంపి తెప్పించాడు. మేనేజరు జేబులోంచి తీసిన బిళ్ళని కూడా తడిమే లోపలికి పంపాడు.

తొమ్మిదో రోజు మహారాజు వచ్చాడు, ఎవరో ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని. మెడలో బిళ్ళ లేదు.

"వీళ్ళు నా మనుషులు, తప్పుకో తాతా."

"వాళ్ళకి మేనేజరు గారి చీటీ కావాలి. మీకు బిళ్ళ కావాలి."

"నా మొహానికి బిళ్ళా? బయట గోడలన్నీ నా మొహమే."

"గోడమీది మొహాలు లోపలికి రావు కదా దొరా. మెడలో ఉన్నవే వస్తాయి."

పెద్దమనుషులిద్దరూ నవ్వారు. ఆ నవ్వే కొంప ముంచింది. నేను స్టోరు కిటికీలోంచి చూస్తున్నాను. మహారాజు ఏదో అనబోయి ఆగి, బావ మొహంలోకి పరిశీలనగా చూశాడు. బావ అతని కళ్ళలోకి కాక అతని చెవి పక్కకి చూస్తున్నాడు. మహారాజు చప్పుడు కాకుండా పిడికిలి ఎత్తి, బావ ముక్కుకి నాలుగంగుళాల దూరంలో ఆపాడు. బావ రెప్ప కొట్టలేదు. పిడికిలి దించి పక్కకి తిరిగేసరికి కిటికీలో నేను కనిపించాను. నన్ను చూసి చిన్నగా నవ్వాడు.

"సరే తాతా, తెచ్చుకుంటా" అని వెనక్కి వెళ్ళిపోయాడు.

దయ అనుకున్నాను. చిన్న చిన్న దయలని గుర్తుపట్టడం నాకు బాగా వచ్చనుకునేవాణ్ణి. బావకి చెప్పి భయపెట్టడం ఎందుకని చెప్పలేదు.

మర్నాడు నాలుగు గంటలకి మేనేజరు అప్పటికి వచ్చినవాళ్ళందర్నీ ముందు గుమ్మంలోంచి బయటికి రప్పించి, చెప్పులు చేత్తో పట్టుకోమని, భవనం చుట్టూ తిప్పి వెనక పెరట్లోకి తీసుకొచ్చాడు. మూలమలుపు దగ్గర ఆపి, గుసగుసగా చెప్పాడు.

"చిన్న పరీక్ష. ఎవరూ నోరెత్తకూడదు. ఎవరు దగ్గినా సరే, ఇన్నాళ్ళూ నన్ను మోసం చేసింది వాళ్ళేనని అర్థం చేసుకుంటాను." చివరి మాటకి నా వైపు చూశాడు. నేను రిటైరవడానికి ఇంకా పదకొండు నెలలుంది.

మహారాజు అప్పటికే ఉత్తికాళ్ళతో ఉన్నాడు. హీరోయిన్ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాడు. ఆ అమ్మాయి, "వద్దండీ" అంది. ఒక్కసారే అంది. తర్వాత మెడలోంచి ఇరవై ఏడో నంబరు బిళ్ళ తీసి ఇచ్చింది. తాను కప్పుకునే శాలువా కూడా ఇచ్చింది. ఆమె వాడే సెంటు అందులో నిండా పట్టేసి ఉంటుంది. మహారాజు దాన్ని భుజాలకి చుట్టుకుని, ఆడపిల్లలా నాలుగడుగులు ఒయ్యారంగా వేసి చూపించాడు. నోళ్ళు చేతులతో మూసుకుని నవ్వారు.

సిమెంటు నేల ఎండకి కాలిపోతోంది. ఇరవైమందిమి తలుపుకి ఎదురుగా అర్ధచంద్రాకారంలో నిలబడ్డాం. బావ గుమ్మం లోపల స్టూలు మీద కూర్చుని, కాళ్ళ మధ్య ఫ్లాస్కు పెట్టుకుని ఉన్నాడు. నేను అందరికంటే ముందు, మూడడుగుల్లో ఉన్నాను. నన్ను అక్కడ నిలబెట్టింది మేనేజరే.

మహారాజు వెళ్ళి నిలబడ్డాడు. బావ తల ఎత్తాడు.

"ఎవరూ?"

బిళ్ళ ఆయన చేతిలో పడింది. బొటనవేలు అంకె మీద తిరిగింది. గాలి పీల్చాడు. మొహం విప్పారింది.

"ఏమ్మా, చెప్పుల్లేకుండా వచ్చావు? కాళ్ళు కాలట్లేదూ?"

మహారాజు పలకలేదు.

"గొంతు పోయిందా? నిన్న రెండో అంకంలోనే బొంగురుపోతుంటే విన్నాను, అనుకున్నాను కూడా. మాట్లాడకు, సాయంత్రం ఆటకి దాచుకో. ఇదుగో, నీకోసమే వేడినీళ్ళు కాచి పోశాను. తీసుకెళ్ళు తల్లీ." ఫ్లాస్కు ఎత్తి ముందుకి చాపాడు.

అప్పుడైనా నేను పిలవవచ్చు. బావా అంటే చాలు. గొంతు పట్టేసిందని చెప్పుకోవచ్చు కానీ, పట్టెయ్యలేదు.

మహారాజు ఫ్లాస్కు అందుకున్నాడు. మూత తిప్పాడు. ఒక గుక్క తాగాడు. ఆ తర్వాత స్టేజి మీద చివరి వరస దాకా వినపడే ఆ గొంతుతో, తీరిగ్గా, "చల్లారిపోయాయి తాతా" అన్నాడు.

పెరడంతా నవ్వుతో దద్దరిల్లింది. రాక్షసుడు కూడా నవ్వాడు, పక్కవాళ్ళు నవ్వుతున్నారు కాబట్టి. హీరోయిన్ తల వంచుకుని నవ్వింది. దర్జీ అక్క ఒక్కతే నవ్వలేదు.

బావ చాపిన చెయ్యి ఇంకా దించలేదు. మొహం అటూ ఇటూ తిప్పి నవ్వులన్నీ ఎంత మేర ఉన్నాయో కొలుచుకున్నట్టు విన్నాడు. నవ్వు అణిగాక, పెద్దగా కాదు, మామూలుగా పిలిచాడు.

"బావా."

నేను పలకలేదు.

"ఉన్నావా?"

"ఉన్నాడు తాతా" అంది దర్జీ అక్క. "నీకు మూడడుగుల్లో ఉన్నాడు."

ఆయన తల ఊపాడు, దారి అడిగి తెలుసుకున్నవాడిలా.

మేనేజరు ముందుకొచ్చాడు. "రెండేళ్ళో మూడేళ్ళో, నువ్వు చేసింది మోసం. కేసు పెట్టనులే. సాయంత్రం ఆటకి ఏజెన్సీ మనిషి వస్తున్నాడు, ఆ గది అతనికి కావాలి." నా వైపు తిరిగి, అందరికీ వినపడేలా అడిగాడు. "మీకు తెలుసా ఇది?"

"తెలీదు సార్."

మాట ఎంత సులువుగా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది.

మేనేజరు నమ్మలేదు. ఇంకో ప్రశ్న నాలిక చివరిదాకా వచ్చింది. ఇంతలో బావ స్టూలు మీంచి లేచి, "వాడికేం తెలుసు సార్" అన్నాడు. "వాడు కళ్ళుండీ చూడలేని మనిషి. పాపం, మా చెల్లి ఎలా వేగిందో." మళ్ళీ నవ్వులు లేచాయి, ఈసారి నా మీద. మేనేజరు కూడా నవ్వేశాడు. నా పదకొండు నెలలూ అలా మిగిలాయి. జీవితంలో నేను అందుకున్న దయల్లో అంత బరువైనది ఇంకొకటి లేదు.

నలభై ఒక్క బిళ్ళలూ వెనక్కి పోగు చెయ్యమన్నారు, గట్టి ప్లాస్టిక్కు కార్డులు రాబోతున్నాయి కాబట్టి. అందరూ నా బల్ల మీద గలగలా పడేసి వెళ్ళారు. మహారాజు ఇరవై ఏడు కూడా తెచ్చి వేసి, "మంచి సరుకే కొన్నారు గురువుగారూ, తేలిగ్గా ఉంది" అన్నాడు.

మెట్ల కింద గదికి వెళ్ళేసరికి బావ సర్దుకుంటున్నాడు. చొక్కాలు మడతలు సరిచూసుకుని పెట్టెలో పెట్టాడు. రేడియోని తువ్వాలులో చుట్టాడు. మంచం నాటకశాలది. దాని పట్టెని ఒకసారి తడిమి వదిలేశాడు. దర్జీ అక్క లోపలికొచ్చి, ఏమీ మాట్లాడకుండా, ఆయన చొక్కాకి ఊడిపోయిన బొత్తాం అక్కడికక్కడే కుట్టి, దారం పంటితో కొరికి వెళ్ళిపోయింది.

"మనింటికి వెళ్దాం బావా" అన్నాను. "ముందు గదిలో గాలి బాగా వస్తుంది. నేనొక్కణ్ణే కదా."

పెట్టె మూత వేసి గడియ పెట్టాడు.

"బావా, ఎవరు దగ్గినా ఊరుకోనని మేనేజరు..."

గడియ లాగి చూసుకున్నాడు. గోడ పట్టుకుని నడిచి బయటికొచ్చాడు. పెట్టె నేను తీసుకున్నాను. వద్దనలేదు, ఇమ్మనలేదు.

వీధి చివర పెద్ద రోడ్డు. సాయంత్రం కావడంతో బస్సులూ బళ్ళూ తెరిపి లేకుండా పోతున్నాయి. బావ కాలిబాట అంచున ఆగాడు. నేను పక్కనే నిలబడి, ఖాళీగా ఉన్న చెయ్యి ఆయన మోచేతి కిందికి జరిపాను. మోచెయ్యి తీసేసుకున్నాడు. వెనక ఎవరో వస్తున్నారు. ఆ వైపు తిరిగాడు.

"ఎవరండీ? కాస్త రోడ్డు దాటిస్తారా? నాకు కళ్ళు కనపడవు."

రెండేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. సంచీతో పోతున్న ఒకావిడ ఆగింది. నన్ను, నా చేతిలో పెట్టెని చూసి, కూలీ మనిషి అనుకుంది కాబోలు. సంచీ రెండో చేతికి మార్చుకుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడిదాకా వెళ్ళాలి పెద్దాయనా?"

"మందుల కొట్టు దాటాక మూడో సందు. ఆకుపచ్చ గేటు."

"నేనూ అటే. ఎవరిల్లు?"

"మా చెల్లెలిది."

"ఇంట్లో ఉంటుందా ఇప్పుడు?"

"ఉండదు. ఎవరో ఒకరు తాళం తీస్తారులెండి."

ఆవిడ బళ్ళకి చెయ్యి అడ్డం పెట్టి, ఆయన్ని జాగ్రత్తగా అవతలికి నడిపించింది. గుంత వస్తే ముందే చెప్పింది. పెట్టె చెయ్యి మార్చుకుని నేను వాళ్ళ వెనకాలే వెళ్ళాను, ఎక్కడైనా దారి తప్పితే చెబుదామని చూస్తూ. ఎక్కడా తప్పలేదు.